బటన్ నొక్కితే పని ఎవరు చేస్తారు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్‌కి 2018 నుంచి మెట్రో రైలు నడుస్తోంది. సెలవుల్లో ఎక్కినప్పుడు నేనొకటి గమనించాను. దిల్‌సుఖ్‌నగర్ గేటుకి కార్డు ఆనిస్తే మనం ఎక్కిన చోటు నమోదవుతుంది. మూడో స్టేషన్ ఎల్.బి.నగర్‌లో దిగి అదే కార్డు ఆనిస్తే ఛార్జీ కోసుకుంటుంది. ఆనించడం ఒకటే, కానీ ఒక్కో గేటుకి ఒక్కో పని అప్పజెప్పారు.

కంప్యూటర్ తెర మీది బటన్లూ అంతే. నొక్కడం 'ఈవెంట్'. అప్పుడు జరగాల్సిన పని 'హ్యాండ్లర్'. ఈ రెంటినీ కలపాలి. జావా సర్వర్ ఫేసెస్ 2004లో వచ్చింది, ఇప్పుడు దాన్ని జకార్తా ఫేసెస్ అంటున్నారు. అందులో బటన్ రాసేచోటే 'యాక్షన్' అని పెట్టి పని పేరు రాస్తారు. మనం నొక్కగానే కబురు దూరాన ఉన్న సర్వర్‌కి పోతుంది. ఏ బటన్ నొక్కారో అది చూసుకుని, ఆ పేరుగల పనిని పిలుస్తుంది.

మరి యాక్షన్ రాయకపోతే? బటన్ చక్కగానే కనబడుతుంది, నొక్కితే మాత్రం అదే పేజీ మళ్ళీ వస్తుంది. పేజీలో 'ఫారం' అనే భాగానికి బయట బటన్ పెట్టినా పని జరగదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి రోజున ఇలా అయితే మనలాంటి వాళ్ళ చదువే ఆగిపోవచ్చు.

అందుకే రేపు మీలో ఎవరు ప్రోగ్రామర్ అయినా బటన్‌కి రంగులు తర్వాత వేయండి. ముందు నొక్కి చూడండి, దరఖాస్తు అవతల చేరిందో లేదో చూసుకోండి!