నడుము వంచక్కర్లేని రేసు సైకిలు

అమెరికాలో ఏ పాత పేటలోనైనా శనివారం పొద్దున గరాజ్ సేల్ పెడితే, పాత సోఫాలు, టేబుల్ ల్యాంపుల పక్కన గోడకు ఆనించి తరచూ ఒక సైకిలు కనిపిస్తుంది. సన్నటి ఉక్కు గొట్టాల ఫ్రేము, పొట్టేలు కొమ్ముల్లా కిందికి మెలితిరిగిన హ్యాండిలు, ఇరుకైన గట్టి సీటు. టైర్లు ఎండి పగుళ్ళిచ్చి ఉంటాయి కానీ, చైను చక్రం పళ్ళు మాత్రం అరిగి ఉండవు. కొన్న కొత్తలో నాలుగు రోజులు తొక్కి, నడుం నొప్పనీ మెడ పట్టేసిందనీ గోడకు తగిలించేసిన బండి అది. అలాగే యాభై ఏళ్ళు ఉండిపోయింది.

ఇప్పుడా సైకిళ్ళు మళ్ళీ రోడ్డెక్కుతున్నాయి. వంగిన హ్యాండిలు విప్పేసి, మన పాలవాళ్ళ సైకిలుకుండే తరహా హ్యాండిలు బిగించి, వెడల్పాటి సీటు వేసి, అరవై దాటినవాళ్ళు కూడా కూరగాయల సంచీ తగిలించుకుని హాయిగా తొక్కుకుంటూ వెళ్తున్నారు. అంత మంచి ఫ్రేము తుక్కు కింద పోకుండా ఆపే మార్గాల్లో ఇంతకు మించినది లేదని నా గట్టి నమ్మకం.

పందెం లేని పందెం సైకిలు

1970కి ముందు అమెరికాలో సైకిలంటే ఎక్కువగా పిల్లల వస్తువు. ఆ తర్వాత నాలుగేళ్ళలో లెక్క తారుమారైంది. పర్యావరణం మీద కొత్తగా వచ్చిన పట్టింపు, ఒంటికి వ్యాయామం కావాలన్న ఆలోచన, యుద్ధం తర్వాత పుట్టిన తరం పెద్దదై చేతిలో డబ్బు ఆడటం, 1973 చివర్లో అరబ్ దేశాల చమురు నిషేధం అన్నీ కలిసొచ్చాయి. ఆ 1973లో అక్కడ దాదాపు కోటిన్నర సైకిళ్ళు అమ్ముడయ్యాయి. పెద్దవాళ్ళు ఎగబడి కొన్నది ‘టెన్ స్పీడ్’. ముందు రెండు పళ్ళ చక్రాలు, వెనక అయిదు, వెరసి పది గేర్లు. ఫ్రాన్స్ నుంచి ప్యూజో, మోటోబెకాన్, ఇంగ్లండు నుంచి రాలీ, షికాగో నుంచి ష్విన్ వార్సిటీ, ఆ వెనకే జపాన్ నుంచి ఫ్యూజీ, నిషికీ, మియాటా. వీటన్నిటికీ హ్యాండిలు మాత్రం పందెగాళ్ళదే.

కొన్నవాళ్ళు పందెగాళ్ళు కారు. ఆ సంగతి కంపెనీలకు అప్పుడే తెలుసు. అందుకు సాక్ష్యం ఆ సైకిళ్ళ మీదే ఉంది. అసలు బ్రేకు లివర్ల పక్కనే హ్యాండిలు పైభాగానికి సమాంతరంగా ఇంకో జత సన్నటి లివర్లు కనబడతాయి. కిందికి వంగలేక పైభాగాన్నే పట్టుకుని తొక్కేవాళ్ళ కోసం తగిలించినవి. అవి వంగిపోయేవి, సగం లాగేసరికి హ్యాండిలుకు ఆనుకునేవి. బండి సరిగా ఆగేది కాదు. అందుకే మెకానిక్కులు వాటికి ప్రాణాలు తీసే లివర్లని పేరు పెట్టారు. ఇంకొందరు కుర్రాళ్ళు హ్యాండిలునే తలకిందులుగా తిప్పి, కొమ్ములు పైకి వచ్చేలా బిగించుకునేవారు. జనానికి ఏం కావాలో ఈ రెండూ చెప్పకనే చెప్పాయి. వినాల్సినవాళ్ళు వినలేదు.

అసలు ఆ వంగిన భంగిమలో తప్పేమీ లేదు. పందెంలో కాళ్ళు పెడళ్ళను అంత బలంగా తొక్కుతుంటే, ఒంటి బరువులో పెద్ద వాటా కాళ్ళమీదే పడుతుంది. చేతులు ఊరికే ఆనుకుని ఉంటాయి, వీపు ఒంగి గాలిని తప్పించుకుంటుంది. అదే మనిషి అదే భంగిమలో నెమ్మదిగా బజారుకు వెళ్ళాడనుకోండి, పెడళ్ళ మీద ఆ బలం ఉండదు. కాళ్ళు మోయాల్సిన బరువు అరచేతుల మీదికి, మణికట్ల మీదికి జారుతుంది. ముందు రోడ్డు చూడాలంటే మెడ వెనక్కి విరవాలి. అరగంటకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. తప్పు ఒంటిది అనుకుని సైకిలు మానేసినవాళ్ళు లక్షల్లో ఉంటారు.

మనం ఎరిగిన హ్యాండిలే

దీనికి మందు వందేళ్ళకు పైగా ఉన్నదే. హ్యాండిలు మధ్య నుంచి కాస్త పైకి లేచి, రెండు పక్కలా మెలితిరిగి తొక్కేవాడి వైపు వెనక్కి వస్తుంది. చేతులు ఒంటి పక్కనే, సహజంగా వేలాడినట్టే పడతాయి. పాశ్చాత్య దేశాల్లో దీన్ని నార్త్ రోడ్ బార్ అంటారు. ఆ నార్త్ రోడ్, 1885లో లండన్‌లో పెట్టిన సైక్లింగ్ క్లబ్ పేరు. వేగంగా తొక్కేవాళ్ళు పెట్టుకున్న క్లబ్ పేరు ఇంత నింపాది హ్యాండిలుకు మిగిలింది.

తెలుగునాట ఇది చూడనివాళ్ళు లేరు. హెర్క్యులస్, హీరో, అట్లాస్ పెద్ద సైకిళ్ళకు ఉన్నది ఇదే. బడిపంతుళ్ళు, పోస్ట్‌మ్యాన్లు, పాలవాళ్ళు దశాబ్దాల పాటు నిటారుగా కూర్చుని ఊళ్ళు తిరిగింది దీని మీదే. ఇంకో చుట్టరికం కూడా ఉంది. మద్రాసులో 1949లో మురుగప్ప కుటుంబంతో కలిసి హెర్క్యులస్ బళ్ళు చేసే టీఐ సైకిల్స్ పెట్టింది ఇంగ్లండుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్. టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఎన్నో బళ్ళకు గొట్టాలిచ్చిన రెనాల్డ్స్ కంపెనీ కూడా అప్పట్లో ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌దే. 1935లో వచ్చిన రెనాల్డ్స్ 531 గొట్టాలంటే పాత సైకిళ్ళ ప్రేమికులు ఇప్పటికీ ప్రాణం పెడతారు. అంటే మన హెర్క్యులస్, వాళ్ళ పందెం సైకిలు ఒకే ఇంటి గడప దాటి వచ్చినవే. ఈ రెంటినీ ఇప్పుడు ఒకే బండిలో కలుపుతున్నారు.

ఈ ఆలోచనకు అమెరికాలో గట్టి గొంతు గ్రాంట్ పీటర్సన్. బ్రిడ్జ్‌స్టోన్ సైకిళ్ళ అమెరికా విభాగంలో పనిచేస్తూ, 1990ల మొదట్లోనే ఎక్స్‌ఓ-1 అనే బండికి మీసకట్టు ఆకారపు హ్యాండిలు పెట్టించాడు. 1994లో ఆ విభాగం మూతపడ్డాక కాలిఫోర్నియాలోని వాల్‌నట్ క్రీక్‌లో రివెండెల్ అనే చిన్న కంపెనీ మొదలెట్టాడు. పందెగాళ్ళను చూసి మామూలు జనం నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదని 2012లో ‘జస్ట్ రైడ్’ అనే పుస్తకమే రాశాడు. ఆయన మాటలన్నిటితో ఏకీభవించక్కర్లేదు. హ్యాండిలు కనీసం సీటు ఎత్తుకైనా రావాలన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

పానా పట్టుకుంటే

పని చూడటానికి చిన్నదే. అసలు చిక్కంతా కొలతల్లో ఉంది.

హ్యాండిలును పట్టి ఉంచే మెడ భాగాన్ని స్టెమ్ అంటారు. పాత సైకిళ్ళలో అది ముందు ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. లోపల అడుగున ఏటవాలుగా కోసిన ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. పై బోల్టు బిగిస్తే ఆ ముక్క పైకి లాగబడి గొట్టం గోడకు ఒరుసుకుని బిగుసుకుంటుంది. విప్పేటప్పుడు చాలామంది బోల్టును పూర్తిగా బయటికి తీసేసి, స్టెమ్ రావడం లేదని గుంజుతారు. అలా కుదరదు. బోల్టును మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేయాలి. అది కొద్దిగా పైకి లేచి నిలబడుతుంది. దాని తలమీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే, లోపల టక్కుమని శబ్దం వస్తుంది. ముక్క కిందికి జారిందన్నమాట. అప్పుడు ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుని హ్యాండిలును అటూ ఇటూ తిప్పితే స్టెమ్ కదులుతూ పైకి వస్తుంది. యాభై ఏళ్ళు గరాజులో తేమ తిన్న బండి అయితే ఇంత తేలిగ్గా రాదు. ఉక్కు గొట్టం, అల్యూమినియం స్టెమ్ తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. బండిని తలకిందులు చేసి ఫోర్కు అడుగు రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. ఇక్కడ తొందరపడితే ఫోర్కే మెలితిరుగుతుంది.

కొత్త స్టెమ్ ఎత్తుగా ఉండాలి. జపాన్ కంపెనీ నిట్టో చేసే టెక్నోమిక్ రకం ఇందుకే పేరు తెచ్చుకుంది. ఎంత ఎత్తు కావాలన్నా దానిమీద చెక్కిన కనీసపు గీత గొట్టం లోపలే ఉండి తీరాలి. బ్రిటన్, జపాన్ బళ్ళకు 22.2 మిల్లీమీటర్ల స్టెమ్ సరిపోతుంది. పాత ఫ్రెంచి బళ్ళ గొట్టం 22.0. ఆ 0.2 తేడాకే స్టెమ్ దిగదు. ఎమెరీ కాగితంతో గుండ్రంగా అరగదీసి దించుతారు. ష్విన్ వార్సిటీకి ఇంకా సన్నం, 21.1. కొనే ముందు కొలవాల్సిందే.

హ్యాండిలు గొట్టం మందంలోనూ మెలిక ఉంది. వంగిన హ్యాండిలు చివర్లు 23.8 మిల్లీమీటర్లు, నిటారు హ్యాండిలువి 22.2. కాబట్టి పాత లివర్లు కొత్తదానికి పట్టవు. కొత్త లివర్లు కొనేటప్పుడు పాత తరహా బ్రేకులకు తగినవే అడగాలి. ఇప్పటి మౌంటెన్ సైకిళ్ళ వి-బ్రేకులకు చేసిన లివర్లు వైరును ఎక్కువ లాగుతాయి కానీ బలం తక్కువ ఇస్తాయి. ఎంత నొక్కినా బండి ఆగదు.

ఇంకొకటి. వంగిన హ్యాండిలు చేతుల్ని ముందుకు చాపిస్తుంది, నిటారు హ్యాండిలు దాదాపు జానెడు వెనక్కి తెస్తుంది. పొట్టి స్టెమ్ వేస్తే మలుపు తిరిగేటప్పుడు హ్యాండిలు మోకాలికి తగులుతుంది. సుఖం కోసం దగ్గరగా ఉండాలి కదా అనిపిస్తుంది కానీ, స్టెమ్‌కు కాస్త ముందుకు చాపు ఉండటమే మేలు.

వెన్ను నిటారు కాగానే బరువంతా సీటు మీదికి వస్తుంది. అందుకని పాత ఇరుకు సీటు ఉంచితే నొప్పి ఊరికే చోటు మారుతుంది. ఇంగ్లండులో 1866 నుంచి ఉన్న బ్రూక్స్ కంపెనీ ఈ తేడా ఎప్పుడో గ్రహించింది. ముందుకు వంగేవాళ్ళకు బి17, నిటారుగా కూర్చునేవాళ్ళకు స్ప్రింగులున్న వెడల్పాటి బి67. అంత ఖరీదైనదే కొనాలని లేదు. తుంటి ఎముకలు రెండూ సీటు మీద ఆనుకునేంత వెడల్పు ఉంటే చాలు.

గేర్ల గురించి ఎక్కువ చెప్పను. ఫ్రేము కింది గొట్టం మీదున్న మీటల్ని హ్యాండిలు దగ్గరికి మార్చుకుంటే ప్రతిసారీ వంగే పని తప్పుతుంది. ఎక్కుడు రోడ్లుంటే వెనక ఇంకా పెద్ద పళ్ళ చక్రం వేసుకోవాలి.

బ్రేకు దగ్గర బేరం వద్దు

ఈ పనిలో ఒక్కచోట డబ్బు ఖర్చు పెట్టగలిగితే అది చక్రాల మీద పెట్టండి. అప్పటి చవక బళ్ళకు క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ములు వచ్చేవి. అద్దంలా మెరుస్తాయి, వాన పడితే బ్రేకు రబ్బర్లు వాటిమీద జారిపోతాయి. నిటారుగా కూర్చుని ట్రాఫిక్కులో తిరగబోయే మనిషికి అలాంటి బ్రేకు ఇవ్వకూడదు. అల్యూమినియం రిమ్ముల చక్రాలు వేయాలి. పాత 27 అంగుళాల చక్రం రిమ్ము లెక్కలో 630 మిల్లీమీటర్లు, ఇప్పుడు ప్రపంచమంతా దొరికే 700సి అయితే 622. అంటే బ్రేకు రబ్బరు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగాలి. వైన్‌మన్, మాఫాక్ లాంటి ఆనాటి బ్రేకుల చేతులు పొడుగ్గా ఉండేవి కాబట్టి సాధారణంగా అంత చోటు ఉంటుంది. చక్రం చిన్నదైనందుకు కాస్త లావు టైరు, పైన మడ్గార్డు కూడా పడతాయి. పేర్లు ఒకటే ఉండి కొలతలు వేరయ్యే ఈ టైర్ల చిక్కుముడిని ఓపిగ్గా విప్పి జనానికి చెప్పినవాడు మసాచుసెట్స్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్. ఆయన 2008లో పోయినా, పాత బండి బాగుచేసే ప్రతివాడికీ ఇప్పటికీ ఆయన లెక్కలే దిక్కు.

పాత వస్తువును పాడుచేస్తున్నారని నొచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. చేత్తో కట్టిన కొల్నాగో, మాసీ లాంటి ఇటలీ ఫ్రేము, దానిమీద మొదటినుంచీ ఉన్న కాంపాన్యోలో సామాను చెక్కుచెదరకుండా చేతికొస్తే, దాన్ని అలాగే ఉంచాలి, లేదా దాని విలువ ఎరిగినవాడికి ఇచ్చేయాలి. లక్షల్లో తయారైన ప్యూజో, రాలీల సంగతి వేరు. అవి తొక్కడానికే పుట్టాయి. నిజంగా ఫ్రేములకు చేటు చేసింది 2000 తర్వాత వచ్చిన ఒంటిగేరు మోజు. గేరు తగిలించే కొక్కేన్ని ఆకురాయితో అరగదీసేశారు, వైర్లు పట్టే కొనల్ని కోసేశారు. హ్యాండిలు మార్పులో అలాంటి కోత ఏదీ ఉండదు. విప్పినవన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఉంచితే, మనవడు ఎప్పుడైనా పందెం తొక్కుతానంటే ఒక పూటలో తిరిగి బిగించవచ్చు.

అటక మీద ఒకటుందా?

మన దగ్గరా ఒకప్పుడు హీరో హాక్ లాంటి వంగిన హ్యాండిలు సైకిళ్ళకు కుర్రకారు ముచ్చటపడేవారు. కాలేజీ అయిపోగానే అవి మేడ మెట్ల కిందికో అటక మీదికో చేరాయి. అలాంటిది ఇంట్లో ఉంటే తుక్కువాడికి వేయకండి. ముందు ఫ్రేములో అతుకుల దగ్గర పగుళ్ళున్నాయేమో, ఫోర్కు వంగిందేమో చూడండి. ఆ రెండూ బాగుంటే మిగతావన్నీ దొరికేవే.

ఒక జాగ్రత్త. పాత పెద్ద సైకిలు హ్యాండిలు చవకగా దొరికిందని తెచ్చుకోవద్దు. దానికి స్టెమ్, రాడ్ బ్రేకుల లివర్లు కలిసే ఉంటాయి, వైరు బ్రేకులకు పనికిరాదు. లేడీస్ సైకిళ్ళకు వచ్చే, వైరు బ్రేకులు పట్టే హ్యాండిలు అడగండి. మీ స్టెమ్ విప్పి చేత్తో పట్టుకుని షాపుకెళ్తే, పేటలోని పాత మెకానిక్ అక్కడికక్కడే దూర్చి చూసి చెబుతాడు. వైర్లు పాతవి ఉంచకండి, హ్యాండిలు ఎత్తు పెరిగింది కాబట్టి అవి చాలవు కూడా. అన్నీ బిగించాక వారం పది రోజులు దగ్గర్లోనే తొక్కి, స్టెమ్ బోల్టునూ హ్యాండిలు బోల్టునూ ఇంకోసారి పానాతో బిగించుకున్నాకే దూరం వెళ్ళండి.