ఇనుము లేని కళ్లెం కొంటున్నారా? ముందు టేపు పట్టండి!

పాడేరు నుంచి జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు వెళ్లి, తారు రోడ్డు ఆగిపోయిన చోట కాసేపు నిలబడండి. కొండ మీది గూడేల నుంచి దిగే గుర్రాలు ఎదురవుతాయి. సంతకు వచ్చేటప్పుడు కాఫీ గింజలు, మిరియాలు, పసుపు. తిరిగి వెళ్లేటప్పుడు బియ్యం, ఉప్పు, నూనె. బైక్ ఎక్కలేని గట్టు మీదికి సరుకు మోసేది ఆ పొట్టి గుర్రమే. ఈసారి కనిపిస్తే మూట సంగతి వదిలేసి దాని తల చూడండి. నోట్లో ఇనుప కడ్డీ ఉందా, ముక్కు చుట్టూ ఒట్టి తాడు ముడేనా? ఆ తాడు ముక్కు మీద ఏ ఎత్తులో ఉంది?

అరకు, లంబసింగి వచ్చే పర్యాటకులకు సవారీలు పెట్టాలనో, ఇంట్లో ఉన్న గుర్రాన్నే బాగా చూసుకోవాలనో అనుకునేవాళ్లు మీలో ఉంటే ‘బిట్‌లెస్ బ్రైడిల్’ అనే మాట ఈపాటికి వినే ఉంటారు. అంటే నోట్లో ఇనుము లేని కళ్లెం. మామూలు కళ్లెంలో కడ్డీ గుర్రం ముందు పళ్లకీ, వెనక పళ్లకీ మధ్య ఖాళీ చిగురు మీద కూర్చుంటుంది. మొరటు చేతిలో అది నోరు కోసేస్తుంది. బిట్‌లెస్‌లో ఆ ఒత్తిడి ముక్కు మీదికి, దవడ కిందికి, చెవుల వెనక్కి మారుతుంది. గమనించారా? మారుతుంది, మాయం కాదు. అందుకే ‘ఇనుము లేదు కాబట్టి నొప్పి లేదు’ అన్న ప్రచారాన్ని నేను నమ్మను. సరిగ్గా అమరని బిట్‌లెస్ కంటే నెమ్మదైన చేతిలోని నున్నటి ఇనుప కళ్లెమే నయం.

కారణం గుర్రం శరీరంలోనే ఉంది. అది మనలా నోటితో ఊపిరి పీల్చలేదు. గాలంతా ముక్కు పుటాల్లోంచే వెళ్లాలి. నుదుటి నుంచి కిందికి దిగే ముక్కు ఎముక పోను పోను సన్నబడి, చివర్లో మెత్తటి మృదులాస్థిగా మారుతుంది. పట్టీ ఆ మెత్తటి భాగం మీద పడిందా, పగ్గం లాగిన ప్రతిసారీ గాలి దారి నొక్కుకుపోతుంది. మూటతో నిట్టనిలువు గట్టు ఎక్కుతున్న జంతువుకి అదెలా ఉంటుందో ఊహించుకోండి.

కాబట్టి మొదటి పని చేత్తో తడమడం. గుర్రం కంటి కింద నుంచి ముక్కు వైపు ఒక ఎముక గట్టు తగులుతుంది. అది ముగిసిన చోటుకు రెండు వేళ్లు కింద ముక్కు పట్టీ ఉండాలి. కొన్ని మోడళ్లను ఇంకాస్త కిందికి పెట్టమని తయారీదారులు చెబుతారు. అలాంటప్పుడు కూడా వేలితో నొక్కి చూడండి. కింద గట్టి ఎముక తగలాలి. మెత్తగా లోపలికి పోయిందంటే పట్టీ పైకి జరగాల్సిందే.

ఇప్పుడు దర్జీ టేపు తీయండి. పట్టీ కూర్చునే చోట ముక్కు చుట్టుకొలత ఒకటి. ఆ పట్టీకి ఒక పక్క నుంచి చెంప మీదుగా పైకెళ్లి, చెవుల వెనక నుంచి దాటి, రెండో పక్క అదే ఎత్తు వరకు ఇంకొకటి. ఒక చెవి వెనక నుంచి నుదుటి మీదుగా రెండో చెవి వెనక వరకు మూడోది. ఈ నుదుటి పట్టీ పొట్టిగా ఉంటే తలపట్టీ ముందుకు జరిగి చెవుల మొదళ్లను కోస్తుంది. గొంతు కింద పట్టీ ఉన్న మోడలైతే అదీ కొలవండి. అది పెట్టాక పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి. టేపు లేకపోతే సాగని తాడుతో కొలిచి స్కేలు మీద పెట్టుకోవచ్చు. షాపులో పోనీ, కాబ్, ఫుల్ అని సైజులుంటాయి. మన కొండ గుర్రాలకు ఆ పేర్లను నమ్ముకోకండి, సెంటీమీటర్లు అడగండి. మీ కొలత బకిల్ మధ్య రంధ్రం దగ్గర సరిపోతే అటూ ఇటూ సర్దుకునే వీలుంటుంది. ఇంజినీరింగ్‌లో టాలరెన్స్ అని చదువుకున్నది ఇదే!

బిగువు ఎంత? ముక్కు ముందు వైపు, ఎముక మీద, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పక్క నుంచో, దవడ కింద నుంచో వేళ్లు పెట్టి ‘వదులుగానే ఉంది’ అనుకోవద్దు. అక్కడ గుంత ఉంటుంది, ఎంత బిగించినా వేలు దూరుతుంది. ఇది చిన్న విషయమేం కాదు. పోటీల్లో ఈ ఖాళీని చూడటానికి అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య (ఎఫ్‌ఈఐ) 2025లో ప్రత్యేక కొలత పరికరాన్నే తెచ్చింది. అలాగని మరీ వదిలేసినా తిప్పలే. ఒక పగ్గం లాగి చూడండి. రెండో వైపు చెంప పట్టీ కంటి మీదికి జరిగితే ఇంకాస్త బిగించాలి. బిగించాక గుప్పెడు గడ్డి పెట్టండి. హాయిగా నమిలితే సరే.

తాడు మందం దగ్గర ఒక చిన్న లెక్క. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి. 8 మిల్లీమీటర్ల నైలాన్ తాడు బదులు 24 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ వేస్తే అదే లాగుడుకు ముక్కు మీద ఒత్తిడి దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. ఖరీదైన బ్రాండే కొనక్కర్లేదు. కొలతలు కాగితం మీద గీసిస్తే చెప్పులు కుట్టేవారి దగ్గరే మెత్తటి అస్తరుతో పట్టీ కుట్టించుకోవచ్చు. ముడులు, కుట్ల మొనలు లోపలి వైపు రాకుండా చూడండి, చాలు. దీన్నే పనిగా నేర్చుకోవాలనుకుంటే జీనులు, కళ్లేల తయారీకి దేశంలో పెద్ద పేరు కాన్పూర్‌ది. తోలు వస్తువుల డిజైన్ చదవడానికి హైదరాబాద్‌లో ఎఫ్‌డీడీఐ ఉంది.

మోడల్ విషయానికొస్తే, మొదటిసారికి సైడ్‌పుల్ చాలు. పగ్గాలు ముక్కు పట్టీ పక్క రింగులకే ఉంటాయి, ఏ వైపు లాగితే తల ఆ వైపు తిరుగుతుంది. దవడ కింద పట్టీలు అడ్డంగా దాటే రకంలో కుడి పగ్గం లాగితే ఎడమ చెంప మీద నెట్టుడు పడుతుంది. పని చేస్తుంది గానీ, లాగి వదిలాక పట్టీలు వెంటనే జారి వదులవుతున్నాయో లేదో చూసుకోవాలి. పొడవాటి లోహపు కడ్డీలుండే మెకానికల్ హాకమోర్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. ఆ కడ్డీ మీటలా పనిచేసి మీ చేతి బలాన్ని రెట్టింపు చేస్తుంది.

కొత్త కళ్లెంతో నేరుగా ఘాట్ దిగొద్దు. ముందు కంచె వేసిన చోట నేల మీద నిలబడి ఆపడం, తిప్పడం, వెనక్కి నడిపించడం చేయించండి. దాంతోనే చెట్టుకు కట్టేయకండి, కట్టడానికి వేరే తలతాడు ఉండాలి. బరువు మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలూ తెలుసుకోండి. ముళ్లు, బొడిపెలున్న కళ్లేలు వాడకూడదు. పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి సరుకు వేయకూడదు.

మన దగ్గర వానలెక్కువ కదా, తడిస్తే తోలు సాగుతుంది, నూలు తాడు బిగుసుకుంటుంది. వాన వెలిశాక రెండు వేళ్ల పరీక్ష మళ్లీ చేయండి. గుర్రప్పిల్ల ఉంటే మరీ జాగ్రత్త. దాని తల పెరుగుతూనే ఉంటుంది, తాడు పెరగదు. విప్పకుండా వదిలేస్తే చర్మంలోకి దిగిపోతుంది. మేతకు వదిలేటప్పుడు తీసేసి, వారానికోసారి టేపు పట్టండి.