విద్యార్థుల విదేశయాత్ర: అతిథియే ఆతిథేయుడు

దేశాటనమును జ్ఞానసాధనములలో నొకటిగా మన పెద్దలు గణించిరి. అయినను దేశములు తిరిగినవారందరును జ్ఞానులైరని చెప్పజాలము. బస్సు దిగి, భవనమును చూచి, ఛాయాచిత్రము తీసికొని, మరల బస్సెక్కు విద్యార్థి వేయి మైళ్లు తిరిగియు తన ఊరి పొలిమేర దాటనివాడే కావచ్చును. విద్యార్థులును ఉపాధ్యాయులును బృందముగా చేయు విదేశయాత్ర కేవలము విహారము కాక విద్య యగుటకు ఏమి కావలయును? ఈ ప్రశ్నకు ఫ్రాన్సు, జర్మనీ దేశముల అనుభవము చక్కని సమాధాన మొసగుచున్నదని మా యభిప్రాయము.

1870 మొదలు 1945 వరకు గల 75 సంవత్సరములలో ఈ రెండు దేశములును మూడు యుద్ధములలో తలపడినవి. సరిహద్దుననున్న అల్సాసు ప్రాంతము ఆ కాలములో నాలుగు పర్యాయములు చేతులు మారినది. తాత యొక యుద్ధమునను, తండ్రి మరియొక యుద్ధమునను పోరాడిన యిండ్లలో పిల్లలు పెరుగుచుండిరి. అట్టి యింటికి నిన్నటి శత్రుదేశపు బాలుడు అతిథిగా వచ్చుట సామాన్యవిషయము కాదు.

యుద్ధము ముగిసిన ఐదేండ్లకే, 1950లో, ఫ్రాన్సులోని మోంబెలియార్ పట్టణమును, జర్మనీలోని లుడ్విగ్స్‌బుర్గ్ పట్టణమును స్నేహబంధము నేర్పరచుకొనినవి. అందుకు పూనుకొనిన మోంబెలియార్ మేయరు లూసియెన్ తరాదెన్, నాజీల బూకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరము ననుభవించి ప్రాణములతో తిరిగివచ్చిన వ్యక్తి. 1962 సెప్టెంబరు 9వ తేదీన అదే లుడ్విగ్స్‌బుర్గ్‌లో ఫ్రెంచి అధ్యక్షుడు ద గాల్ జర్మను యువజనుల నుద్దేశించి వారి భాషలోనే ప్రసంగించెను. 1963 జనవరి 22వ తేదీన ఆయనయు, పశ్చిమ జర్మనీ ఛాన్సలరు ఆడెనోవరును పారిసులోని ఎలిజే భవనమున సంధిపత్రముపై సంతకములు చేసిరి. ఆ సంధి ననుసరించి అదే సంవత్సరము జూలైలో ఉభయదేశముల యువజన కార్యాలయము స్థాపింపబడినది.

దీని పద్ధతి గమనింపదగినది. ఇందుకు కావలసిన ధనమును రెండు ప్రభుత్వములును సమానముగా ఇచ్చును. యాత్రలన్నింటిని కార్యాలయమే నడుపదు. పాఠశాలలు, క్రీడాసంఘములు, పట్టణ స్నేహసమితులు ఏర్పాట్లు చేయగా, వానికి ధనసహాయమును, బృందనాయకులకు శిక్షణమును ఇచ్చును. పాఠశాలల యాత్రలకు మూలసూత్రము పరస్పరత. ఫ్రెంచి తరగతి జర్మనీకి పోయినచో, జర్మను తరగతి ఫ్రాన్సుకు రావలయును. తరచుగా విద్యార్థి హోటలులో కాక తన జంట విద్యార్థి యింట బసచేయును. ఆ కుటుంబముతో కూర్చుండి భుజించును. వారి బడికి పోవును. తరువాత ఆ జంటవాడు వీని యింటికి వచ్చును.

ఈ రెండవ ప్రయాణమే అసలు పాఠమని మేము తలంతుము. అతిథిగా నున్నంతకాలము మనము పొరుగువారి వింతలనే చూతుము. ఆతిథేయులమైనప్పుడు మన యింటినే పరుల కన్నులతో చూడవలసివచ్చును. ఫ్రెంచి గ్రామమునకు వచ్చిన జర్మను బాలుడు, "మీరు ఇంత ప్రొద్దుపోయి భోజనము చేయుదురేమి?" అని యడుగును. దానికి నవ్వుచు జవాబు చెప్పవచ్చును. "ఊరి నడుమ ఆ స్తంభముమీద చెక్కిన పేర్లెవరివి?" అని యడిగినచో నవ్వు రాదు. అవి యుద్ధములలో మరణించిన గ్రామస్థుల పేర్లు. వారు ఎవరితో పోరాడి మరణించిరో ఇద్దరును ఎరుగుదురు. ఆ జవాబును అతిథి మనస్సు నొప్పింపకయు, సత్యమును దాచకయు చెప్పుట ఏ పాఠ్యపుస్తకమును నేర్పజాలని విద్య.

ఇరువురి ఊళ్లును కాక, మూడవచోట రెండు బృందములును కలిసికొను పద్ధతియు కలదు. భాష నేర్చుటకు జంటపద్ధతి నవలంబింతురు. సగము కాలము ఫ్రెంచి విద్యార్థి గురువు, తక్కిన సగము జర్మను విద్యార్థి గురువు. తప్పు మాటాడుటకు ఇందు సిగ్గుపడ నక్కరలేదు. నవ్వినవాడును మరికొంతసేపటికి తప్పులు మాటాడవలసినవాడే గదా!

ఇందు ఉపాధ్యాయుల బాధ్యత మిక్కిలి పెద్దది. రెండు బడుల ఉపాధ్యాయులును ముందుగా సంప్రదించుకొని, పిల్లలు కలిసి చేయదగిన పని నొకదానిని నిర్ణయింపవలయును. ఒక నాటకము కావచ్చును, ఊరి చరిత్ర కావచ్చును. పనిలేని చోట, ఎవరి భాషవారితో వారే గుమిగూడుదురు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు ఒక విద్యాసంవత్సరము అవతలి దేశమునందే బోధించు ఏర్పాటును కలదు.

1963 నుండి 90 లక్షలకు మించిన యువజనులు ఈ కార్యాలయపు కార్యక్రమములలో పాల్గొనిరి. 2003 జనవరిలో, సంధి జరిగి నలువది సంవత్సరములైన సందర్భమున, బెర్లినులో సమావేశమైన ఉభయదేశముల విద్యార్థులు తమకు ఉమ్మడి చరిత్ర పాఠ్యపుస్తకము కావలెనని కోరిరి. 2006లో దాని మొదటి సంపుటము వెలువడినది. విషయ మొక్కటే, భాషలు రెండు. ఉభయుల దృష్టి వేరైనచోట రెండు దృష్టులును ప్రక్కప్రక్కన చూపబడినవి. ఆ పుస్తకము అన్ని బడులలోను వాడుకలోనికి రాలేదు. ఇంగ్లీషు ప్రాబల్యమువలన పొరుగుభాష నేర్వగోరు పిల్లలను కూడదీయుటయు కష్టమగుచున్నది. అయినను ఈ మార్గము ఇతరులకు ఆదర్శమైనది. 1991లో జర్మనీ, పోలండు దేశములును ఇట్టి కార్యాలయము నేర్పరచుకొనుటకు ఒడంబడినవి.

మన ఉపాధ్యాయులు పిల్లలను పొరుగు రాష్ట్రమునకైనను, పరదేశమునకైనను కొనిపోవునపుడు, అచ్చట చూడవలసిన స్థలముల పట్టిక వ్రాసికొందురు. ఆ పట్టిక చివర మరియొక పంక్తి చేర్చుకొందురు గాక: అచ్చటి పిల్లలు మన యిండ్లకు వచ్చుట ఎప్పుడు? దానికి తేదీ నిర్ణయమైననాడు ఆ యాత్ర విద్య యగును.