తలుపుకు అంటించిన కాగితం



నేను బళ్లో పాఠాలు చెప్పేవాణ్ణి, లాయరును కాను. అయినా మా హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో తెలుగూ తమిళమూ రెండూ చదవగలిగిన అయ్యవారి దగ్గరికి పిల్లల కంటె కాగితాలే ఎక్కువగా వస్తాయి. పట్టా కాగితం, బ్యాంకు కాగితం, కరెంటు కాగితం. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, ఆఫీసుల్లో రాసే తమిళం తలకెక్కని వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అవతల మాలూరు, ముళబాగిలు వైపు కన్నడంతోనూ ఇదే కథ.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నా దగ్గర చదివే పిల్లవాడి తండ్రి వచ్చినాడు. "అయ్యవారూ, ఇందులో ఏమని రాసినారో చూసి చెప్పండి" అని నాలుగు మడతల కాగితం చేతికిచ్చినాడు. చూస్తే కోర్టు నోటీసు. అతనికున్న ఒక్క ఎకరా చేనును జప్తు చేయడానికి అమలు దరఖాస్తు పడింది. అంతకు పద్నాలుగు నెలల ముందే ప్రోనోటు బాకీ కింద అతని మీద డిక్రీ అయిపోయింది. అతను సగం బాకీ చెల్లు వేసినాడు, రసీదు మాత్రం తీసుకోలేదు.

"నేను కోర్టు గడపే తొక్కలేదే, నా మీద తీర్పు ఎట్లా వస్తుంది?" అని అడిగినాడు. ఈవేళ చెప్పదలచుకున్నది ఆ ప్రశ్నకు జవాబే.

వాది దావా వేస్తాడు. ఫలానా వాయిదాకు రమ్మని కోర్టు ప్రతివాదికి సమను పంపుతుంది. అది అందినా అతను రాకపోతే, వాది చెప్పింది మాత్రమే విని కోర్టు తీర్పు ఇవ్వవచ్చు. దీన్నే ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. మనిషి దొరకకపోతే సమనును ఇంటి తలుపుకు అంటించే పద్ధతి కూడా చట్టంలో ఉంది. మనవాడు భార్యతో బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ముసలి తల్లి. తలుపు మీది కాగితాన్ని ఆమె ఎన్నికల కాగితం అనుకుని చింపి పొయ్యిలో వేసింది. తమిళంలో సమనును అళైప్పాణై అంటారు. ఈ ఒక్క మాట మన ముసలివాళ్లకు నేర్పి పెట్టండి.

ఇట్లా వచ్చిన డిక్రీ మీద రెండు దారులున్నాయి. మొదటిది, తీర్పు ఇచ్చిన కోర్టునే ఆ డిక్రీ కొట్టివేసి మళ్లీ విచారించమని కోరడం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 9వ ఆర్డరు 13వ రూలు ఇందుకోసమే. సమను సరిగా అందలేదనో, ఆ వాయిదాకు రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపాలి. అయితే వాయిదా తేదీ ముందే తెలిసి, రావడానికి వ్యవధి కూడా ఉంటే, సమను అందించడంలో చిన్న లోపం పట్టుకుని తప్పించుకోలేం. రెండో దారి పై కోర్టుకు అప్పీలు.

గడువు దగ్గరే మనవాళ్లు చిక్కుకునేది. కొట్టివేత దరఖాస్తుకు 30 రోజులు. జిల్లా కోర్టుకు అప్పీలైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. తీర్పు నకలు కోసం కోర్టులో పట్టిన రోజులు అప్పీలు గడువులో లెక్కకు రావు. దరఖాస్తు గడువు మామూలుగా డిక్రీ తేదీ నుంచి లెక్క. సమను సరిగా అందనివాడికైతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. పత్రికలో ప్రకటన వంటి మారు పద్ధతిలో సమను ఇచ్చి ఉంటే, ఈ లెక్కకు అది సరిగా అందినట్టు కాదని 1963 నాటి కాలపరిమితి చట్టమే చెబుతుంది. తలుపుకు అంటించడం అట్లా కాదు. అది సరిపోయిందని కోర్టు అనుకుంటే గడువు ఎప్పుడో దాటిపోయినట్టే.

అప్పుడు ఆదుకునేది అదే చట్టంలోని 5వ సెక్షను. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. మన్నించవచ్చు అన్నాను, మన్నించి తీరాలని కాదు. 1987లో కాతిజీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో ఉదారంగా ఉండాలని చెప్పింది. ఆలస్యం చేసి బాగుపడేవాడు ఎవడూ ఉండడు, నష్టపోయేది అతనే కదా అన్నది అందులోని తర్కం. 1998లో బాలకృష్ణన్ కేసు మన తమిళనాడుదే, భూమి తగాదా. అందులో ఆలస్యం 883 రోజులు. తప్పు అతని లాయరుది. రోజులు ఎన్ని అన్నది కాదు, చెప్పిన కారణం నమ్మదగిందా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు ఆ ఆలస్యాన్ని మన్నించింది, అవతలివారికి పది వేలు ఖర్చులు ఇమ్మంది.

దీన్ని విని ధైర్యం మరీ ఎక్కువ తెచ్చుకోకండి. 2013లో కర్ణాటకకు చెందిన బసవరాజ్ కేసులో ఆలస్యం అయిదున్నరేళ్లు. ఒకరికి ఒంట్లో బాగాలేదన్నారు. అంత కాలానికి అది చాలదని అదే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. డిక్రీ పొందినవాడికీ ఒక హక్కు ఏర్పడుతుంది. అప్పు ఇచ్చినవాడు ఊరికే దొంగ కాడు, అతని డబ్బూ డబ్బే. తమిళం రాదన్న ఒక్క మాటతో పని జరుగుతుందని నేను చెప్పను. ఎక్కడ ఉన్నాడు, కాగితం ఎవరి చేతిలో పడింది, ఏ రోజు తెలిసింది, తెలిశాక ఎన్నాళ్లకు లాయరును కలిశాడు అన్నది తేదీలతో అఫిడవిట్‌లో రావాలి. కూలి చీటీ, బస్సు టికెట్టు, ఆస్పత్రి చీటీ ఏదున్నా పనికొస్తుంది.

మరొక చిక్కు. కొందరు కొట్టివేత దరఖాస్తు వేసి, అది ఏళ్లు నడిచి ఓడిపోయాక అప్పీలుకు పోతారు. అప్పటికి అప్పీలు గడువు దాటి ఉంటుంది. 2019లో మహారాష్ట్రకు చెందిన మోరే కేసులో ఇట్లాగే నాలుగేళ్ల పది నెలలు దాటింది. మొదటి దారిలో నిజాయితీగా గడిపిన కాలం తగిన కారణం కావచ్చని సుప్రీంకోర్టు అంగీకరించింది. అందరికీ అంత అదృష్టం ఉండదు కాబట్టి రెండు దారుల సంగతీ మొదటి రోజే లాయరును అడగండి. అప్పీలు వేసినంత మాత్రాన జప్తు ఆగదన్నదీ గుర్తుంచుకోండి. ఆపమని వేరుగా అడగాలి. డబ్బు డిక్రీల్లో కోర్టు కొంత సొమ్ము కట్టమనడం మామూలే.

లాయరు ఫీజుకు భయపడి ఇంట్లో కూర్చోవద్దు. ఆడవాళ్లకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, ఆదాయం తక్కువైన వారికి ఉచిత న్యాయ సహాయం ఉంది. తాలూకా కోర్టు దగ్గరే అడగవచ్చు, 15100 నంబరుకు ఫోనూ చేయవచ్చు.

మనవాడు నాలుగో రోజునే లాయరును కలిసినాడు. దరఖాస్తు, దానితోపాటు ఆలస్యం మన్నించమని మరో దరఖాస్తు వేసినారు. మేస్త్రీ ఇచ్చిన కూలి చీటీలు జతపరచినారు. రెండు వేలు ఖర్చులు, బాకీలో నాలుగోవంతు కోర్టులో కట్టే షరతు మీద డిక్రీ కొట్టివేసినారు. నాలుగోవంతు కోసం ఆవును అమ్మినాడు. ఇప్పుడు కేసు మళ్లీ మొదటికి వచ్చింది. సగం బాకీ చేతికిచ్చినప్పుడు పక్కనే ఉన్న మేనమామ వచ్చే వాయిదాకు సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడు.