మండలాభ్యాసము: గుఱ్ఱమునకు ఒదుగును, లయను నేర్పు విధము

‘రౌతు కొద్దీ గుఱ్ఱము’ అని మన పెద్దల సామెత. ఈ మాటను మనము ఇంటికి, కచేరికి, ఊరి పెత్తనమునకు, ఇట్లు అన్నిటికిని అన్వయించుకొనుచుందుము గాని, అది పుట్టిన చోట దాని అర్థమేమో తఱచుగా విచారింపము. గుఱ్ఱములో కనబడు మంచిచెడ్డలలో చాల భాగము దాని మీద కూర్చున్నవానివే యని దాని తాత్పర్యము. ఈ మాటలోని నిజమును తేల్చు పరీక్ష యొకటి అశ్వశిక్షకులయొద్ద ప్రాచీనకాలము నుండి ఉన్నది. దానికి గొప్ప సాధనసామగ్రి అక్కరలేదు. మెత్తని నేలపై ఒక మండలము, అనగా గుండ్రని త్రోవ, ఏర్పఱచి, దాని వెంట గుఱ్ఱమును సమమైన నడకతో త్రిప్పుటయే ఆ పరీక్ష. చూచువారికిది పిల్లల ఆటవలె తోచును. చేయువారికి మాత్రము సంవత్సరముల పని.

ఇంత శ్రమ యెందుకని శ్రోతలు అడుగవచ్చును. గుఱ్ఱపు దేహము మనుష్యుని మోయుటకై ఏర్పడినది కాదు. మేయుటకును, అపాయము తోచినపుడు తిన్నగా పరుగెత్తుటకును ఏర్పడినది. ఊరక నిలిచియున్న గుఱ్ఱపు బరువులో నూటికి 58 మొదలు 60 పాళ్ల వఱకు ముందుకాళ్ల మీదనే పడుచుండును. మనకు మెడ క్రింద ఉండు అడ్డు ఎముకలు దానికి లేవు. ఱొమ్ము భాగమంతయు రెండు భుజపు ఎముకల నడుమ కండరముల బలముతో ఉయ్యాలవలె వ్రేలాడుచుండును. రౌతు ఎక్కి కూర్చుండగానే అతని బరువులో కూడ అధికభాగము ముందుకాళ్లకే చేరును. ఇది చాలదన్నట్లు, మనలో కుడిచేతివాటము, ఎడమచేతివాటము ఉన్నట్లే, గుఱ్ఱమునకును ఒక ప్రక్క వాటముండును. ఒక వైపునకు సులువుగా తిరుగును. రెండవ వైపునకు తిరుగుమన్నచో కొయ్యవలె బిగుసుకొనును. ఈ వంకరను సవరింపక ఏండ్ల తరబడి స్వారి చేసినచో, ఒక ప్రక్క కీళ్లును స్నాయువులును మితిమీరి శ్రమపడి, మంచి వయస్సులోనే గుఱ్ఱము కుంటిదగుటకు అవకాశము కలదు. కావున మండలాభ్యాసము వేడుక కొఱకు కాదు. తన వీపును మనకప్పగించిన ప్రాణి పదికాలముల పాటు నొప్పి లేక బ్రదుకుటకు చేయు సాధన యది.

మండలము మీద గుఱ్ఱము తలనుండి తోకవఱకు విల్లువలె వంగునని సాధారణముగా చెప్పుదురు. చూపునకట్లు తోచునే కాని వెన్నెముక అంత వంగునది కాదు. గుఱ్ఱపు మెడలో 7 వెన్నుపూసలును, ప్రక్కటెముకలు తగులు వీపు భాగములో 18యును, నడుములో సాధారణముగా 6యును ఉండును. వాని వెనుకనున్న 5 పూసలు ఒకదానితో నొకటి అతుకుకొని ఒకే ఎముకయై యుండును. వీనిలో మెడ మిక్కిలి వంగును, వీపు కొంచెము వంగును, నడుము ప్రక్కకు వంగుట మిక్కిలి స్వల్పము. మఱి మనకు కనబడు వంపు ఎక్కడిది? గుఱ్ఱము తన ప్రక్కటెముకలను కొద్దిగా వెలుపలికి ఒదిగించి, లోపలివైపు వెనుకకాలిని పొట్ట క్రిందికి బాగుగా చాచి వేయుట వలన కలుగునదే ఆ వంపు. దీనినే మనము ‘ఒదుగు’ అనుచున్నాము. లోపలి కళ్లెపు వారును లాగి మెడను మాత్రము త్రిప్పుట ఒదుగు కాదు. అట్లు లాగినచో మెడ లోపలికి తిరుగును, భుజము వెలుపలికి జాఱును, వెనుకకాళ్లు వేఱొక త్రోవను పట్టును.

ఇచ్చట కొంచెము లెక్క చూతము. 20 మీటర్ల వ్యాసము గల మండలపు చుట్టుకొలత సుమారు 63 మీటర్లు. గుఱ్ఱపు లోపలి కాళ్ల జాడకును, వెలుపలి కాళ్ల జాడకును నడుమ 25 సెంటీమీటర్ల ఎడమున్నదనుకొందము. ఒక చుట్టు పూర్తియగుసరికి వెలుపలి కాళ్లు లోపలి కాళ్లకన్న ఇంచుమించు ఒకటిన్నర మీటరు ఎక్కువ దూరము నడువవలెను. చిత్రమేమనగా, మండలము పెద్దదైనను, చిన్నదైనను ఈ వ్యత్యాసము మాఱదు. అయితే 63 మీటర్ల త్రోవలో ఇది నూటికి రెండున్నర పాళ్లు. 10 మీటర్ల మండలములో త్రోవ 31 మీటర్లే కావున, ఇది నూటికి అయిదు పాళ్లగును. అనగా ఒక ప్రక్క సాగుటయు, మఱియొక ప్రక్క ముడుచుకొనుటయు అడుగడుగునకు రెండింతలగును.

వేగము సంగతియు నిట్టిదే. సైకిలు త్రిప్పువాడు మలుపులో లోపలికి ఒఱగినట్లు గుఱ్ఱమును మండలము మీద లోపలికి ఒఱగును. సెకనుకు 4 మీటర్ల వేగముతో 20 మీటర్ల మండలము చుట్టునపుడు నిలువునుండి సుమారు 9 డిగ్రీల ఒఱగుడు కావలసివచ్చును. అదే వేగముతో 10 మీటర్ల మండలములో 18 డిగ్రీలు కావలెను. శిక్షణ లేని గుఱ్ఱము దేహమంతటిని వాల్చి, భుజము మీద బరువు వేసి, జాఱునట్లు తిరుగును. శిక్షణ గలది లోపలి వెనుకకాలితో బరువు నెత్తి, సాధ్యమైనంత నిలుకడగా తిరుగును. పసిగుఱ్ఱమును చిన్న చుట్టులలో త్రిప్పరాదనుటకు ఈ రెండు లెక్కలే చాలును. వెన్నుపూసల పెరుగుదల పూర్తియగుటకు దానికి ఇంచుమించు అయిదారేండ్లు పట్టును. అంతవఱకు 20 మీటర్ల మండలమే దానికి పాఠశాల.

ఇక లయ. మన సంగీతములో ‘గతి’ యను మాట కలదు. గుఱ్ఱపు నడకకును ఆ మాటయే పేరగుట కేవలము యాదృచ్ఛికము కాదేమో యనిపించును. సాధారణపు నడకలో నాలుగు డెక్కలు ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు దెబ్బలు వినిపించును. ట్రాట్ అను రెండవ గతిలో ఎదురుబొదురు మూలల కాళ్లు జంటలుగా పడి రెండు దెబ్బలే వినిపించును. క్యాంటర్ అను మూడవ గతిలో మూడు దెబ్బలును, ఆపై ఒక క్షణము నిశ్శబ్దమును ఉండును. దెబ్బల క్రమము చెడకుండుట లయ. వాని వడి మాఱకుండుట కాలము. మృదంగమెఱిగిన వారికి ఈ రెంటి భేదము వేఱుగా చెప్పనక్కరలేదు. తిన్నని త్రోవలో లయ నిలుపుట అంత కష్టము కాదు. మలుపు వచ్చినపుడే, బరువు మోయ నిష్టపడని గుఱ్ఱము తొందరపడి తప్పించుకొనును, లేదా అడుగులు కుదించి మందగించును. కావున ఒదుగు వచ్చినదో లేదో కంటితో తేల్చుకొనలేనివారు చెవి నాశ్రయింపవచ్చును. మండలమంతట దెబ్బలు ఒకే తీరున వినవచ్చినచో పని సరిగా సాగుచున్నదని అర్థము.

రౌతు చేయవలసిన పనులు చెప్పుటకు కొన్నియే. లోపలి కాలు జీనుపట్టెడ వద్ద ఉండి, లోపలి వెనుకకాలిని ముందునకు పిలుచును. వెలుపలి కాలు దానికన్న కొంచెము వెనుక నుండి, పిరుదు వెలుపలికి జాఱకుండ కాపాడును. లోపలి వారు వేలికొసలతో అడిగి వెంటనే వదలును. వెలుపలి వారు భుజమును, వేగమును అదుపులో నుంచును. రౌతు చూపు గుఱ్ఱపు చెవులపై కాక, త్రోవలో కొంత దూరము ముందుండవలెను. గుఱ్ఱపు లోపలి కంటి కొస మాత్రము రౌతునకు కనబడిన చాలును. అంతకన్న ఎక్కువ కనబడినచో మెడ మితిమీరి వంగినదన్నమాట.

అభ్యాసక్రమము ఈ విధముగా నుండును. మొదట 20 మీటర్ల మండలమునకు నాలుగు దిక్కుల నాలుగు గుఱుతులు పెట్టుదురు. గుఱుతునకు గుఱుతునకు నడుమ త్రోవ సుమారు 16 మీటర్లు. ప్రతి భాగములోను గుఱ్ఱము వేయు అడుగులను రౌతు లెక్కించును. నాలుగు భాగములలోను సంఖ్య ఒక్కటే అయినచో లయయు, త్రోవయు సరిగా నున్నవి. ఒక భాగములో ఎక్కువ తక్కువ వచ్చినచో తప్పు ఎచ్చటనున్నదో నేలయే చెప్పును. ఇది కుదిరిన తరువాత మండలము మీదనే నడకనుండి ట్రాట్‌నకును, ట్రాట్‌నుండి నడకకును మార్పులు నేర్పుదురు. పిమ్మట నత్తగుల్లవలె మండలమును కొంచెము కొంచెముగా 12 మీటర్లకు కుదించి, లోపలి కాలి ఒత్తిడితో మఱల 20 మీటర్లకు విస్తరింపజేయుదురు. విస్తరించుటలోనే మేలు ఎక్కువ. గుఱ్ఱము ప్రక్కకు ఒదుగుచు, వెలుపలి వారును తానై అందుకొనును. ఆపై రెండు మండలములను ఒకదాని కొకటి తాకునట్లు కలిపి, ఎనిమిది అంకెవలె త్రిప్పుదురు. వైపు మాఱు చోట రెండు మూడడుగులు తిన్నగా నడిపించి, తరువాతనే క్రొత్త వంపును అడుగవలెను. 6, 8 లేక 10 మీటర్ల వ్యాసము గల చుట్టులను వోల్ట్ అందురు. అవి పరిణతి చెందిన గుఱ్ఱములకే తగును.

కొన్ని నిమిషముల కొకసారి చేయి మార్చుట, నడుమ నడుమ వారు వదలి మెడ చాచుకొననిచ్చుట, తిన్నని త్రోవలో కొంతసేపు నడిపించుట మఱవరాదు. త్రాటితో గుండ్రముగా త్రిప్పుట తేలికగా కనబడినను, అలసిన గుఱ్ఱమును గంటసేపట్లు పరుగెత్తించుట కీళ్లకు హాని. ఇంకొక ముఖ్యమైన మాట. ఒకవైపు తిరుగుటకు మొఱాయించు గుఱ్ఱమును పొగరుబోతు అని కొరడా ఎత్తకముందు దాని డెక్కలను, పండ్లను, జీను క్రింది వీపును పరీక్షింపవలెను. గుఱ్ఱము కుంటుచున్నదో లేదో తేల్చుటకు పశువైద్యులును దానిని మండలము మీద త్రిప్పించి చూచుట కలదు. తిన్నని నడకలో దాగిన నొప్పి చుట్టులో బయటపడును. నోరులేని జీవమునకు ఆ తడబాటే మాట. దానిని వినక కొట్టుట నేర్పుట కాదు.

ఈ విద్య ఒక దేశపు సొత్తు కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దమున గ్రీకు దేశపు క్సెనొఫోన్ తన అశ్వశిక్షా గ్రంథములో ‘సంకెల’ యను పేరు గల చుట్టుబాటను మెచ్చుకొనెను. గుఱ్ఱము రెండు ప్రక్కలకును తిరుగుట అలవడునని ఆయన చూపిన కారణము. అయినను, శుద్ధ గుండ్రని బాటకన్న కొంత తిన్నగా సాగి మలుపు తిరుగు కోలబాటయే మేలని ఆయన తలచెను. మన కౌటిల్యుడు అర్థశాస్త్రములోని అశ్వాధ్యక్ష ప్రకరణమున స్వారిగుఱ్ఱపు గతులను చెప్పుచు, మండలగతియగు వల్గనమునకు ప్రథమస్థానమిచ్చి, దానిలో జంటమండలమునకు యమకమని పేరు పెట్టెను. నేటి ఎనిమిది అంకె అదియే. సాయంకాలపు షికారునకు మనము వాడు ‘వాహ్యాళి’ యను మాటకు కూడ పూర్వము గుఱ్ఱములను నడిపించు బయలు అని అర్థము.

ఐరోపాలో 1658లో ఆంట్వెర్ప్ నగరమున గ్రంథము ప్రకటించిన న్యూకాసిల్ ప్రభువు విలియం కావెండిష్ మండలమునే తన పద్ధతికి మూలముగా గ్రహించెను. తరువాతి కాలమున ఫ్రాన్సు దేశపు లా గెరినియేర్, ఎల్లవేళల మండలమే అయినచో గుఱ్ఱము భుజముల మీద బరువు వేయునని గుర్తించి, అదే వంపుతో గోడవెంట తిన్నగా సాగు అభ్యాసమును బోధించెను. 1733 నాటి ఆయన గ్రంథము, 1735లో పూర్తియైన వియన్నా స్వారిశాలలో సాగు శిక్షణకు నేటికిని ఆధారము. మండలము మార్గమే కాని గమ్యము కాదని వీరి అనుభవసారము. చుట్టులో నేర్చినది తిన్నని త్రోవలో నిలిచినపుడే అది విద్య.

ఈ విద్యకు మన దేశమునను ఫలము లభించినది. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా అను నలుగురు భారతీయులు డ్రెసాజ్ జట్టు పోటీలో బంగారు పతకమును గెలిచిరి. ఆ క్రీడ జరుగు బరి 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అనగా మూడు పెద్ద మండలములు సరిగా పట్టు చోటు. ఇకమీద అట్టి ప్రదర్శనను చూచు భాగ్యము కలిగిన శ్రోతలు గుఱ్ఱపు జూలును, రౌతు వేషమును చూచి ఊరకుండవలదు. వెనుకడెక్క ముందుడెక్క జాడలోనే పడుచున్నదా, కుడివైపు చుట్టు ఎడమవైపు చుట్టుతో సమానముగా ఉన్నదా, రౌతు చేయి నిశ్చలముగా ఉన్నదా యని చూడవలెను. పిమ్మట ఒక్క నిమిషము కన్నులు మూసి ఆ డెక్కల తాళమును ఆలకింపవలెను. మలుపులో కూడ తాళము చెదరకున్నచో, ఆ గుఱ్ఱము సుఖముగా ఉన్నదనియు, దానిని నడుపువాడు ఓర్పు గలవాడనియు నిశ్చింతగా చెప్పవచ్చును.