అధికారపత్రం, ఓడవేట, చెర

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం, ఎనిమిదవ విభాగంలో, యుద్ధం ప్రకటించే అధికారంతో పాటు అదే వాక్యంలో కాంగ్రెస్‌కు మరొక అధికారం కనిపిస్తుంది: ‘లెటర్స్ ఆఫ్ మార్క్ అండ్ రిప్రైజల్’ జారీ చేయడం. శత్రుదేశపు వర్తకనౌకలను పట్టుకోవడానికి ప్రైవేటు ఓడలకు ప్రభుత్వం ఇచ్చే అనుమతిపత్రాలివి. అటువంటి ఓడనూ, అందులోని నావికుణ్ణీ కూడా ‘ప్రైవేటీర్’ అనేవారు. పత్రం ఉన్నవాడు యోధుడు, లేనివాడు ఓడదొంగ.

స్వాతంత్ర్యయుద్ధం మొదలైన 1775లో అమెరికన్ వలసలకు చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు. ఉన్నవల్లా రేవులు, వర్తకుల ఓడలు, యుద్ధం వల్ల పని పోయిన నావికులు. అందుచేత 1776 మార్చి 23న కాంటినెంటల్ కాంగ్రెస్ ఈ వేటకు అనుమతి ఇచ్చింది. వంద టన్నుల లోపు ఓడకు 5,000 డాలర్లు, అంతకు మించిన ఓడకు 10,000 డాలర్లు పూచీకత్తు. పట్టుకున్న ఓడను నేరుగా అమ్ముకోవడానికి వీలు లేదు. రేవుకు తెచ్చి న్యాయస్థానానికి అప్పగించాలి. అది శత్రువుదేనని తేలిన తరువాతే వేలం. వచ్చిన సొమ్ములో సాధారణంగా సగం యజమానులకు, మిగతా సగం సిబ్బందికి వాటాలుగా చేరేది. ఈ వాటాల ఆశే నావికులను కాంటినెంటల్ నౌకాదళానికి దక్కకుండా చేసింది.

పట్టుబడితే మాత్రం కథ మారిపోయేది. కాంగ్రెస్‌నే గుర్తించని బ్రిటన్‌కు ఆ పత్రం చిత్తుకాగితం. 1777లో చేసిన చట్టం ప్రకారం ఈ నావికులను రాజద్రోహులుగా, ఓడదొంగలుగా విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. వారిని యుద్ధఖైదీలుగా పార్లమెంటు గుర్తించినది 1782 మార్చిలోనే. ఖైదీల మార్పిడీ సులువు కాలేదు. ప్రైవేటీర్లు తాము పట్టుకున్న బ్రిటిష్ నావికులను తరచు వదిలివేసేవారు కనుక, మార్పిడికి ఇవ్వడానికి మనుషులు తక్కువ. నావికులకు బదులు సైనికులను ఇస్తే శత్రుసైన్యం బలపడుతుందని వాషింగ్టన్ ఒప్పుకోలేదు.

ఆ విధంగా చిక్కుకున్నవారిలో చాలామంది న్యూయార్క్‌లోని వాలబౌట్ అఖాతంలో, ‘జెర్సీ’ అనే పాత యుద్ధనౌకలో మగ్గారు. ఒక్కొక్కప్పుడు వెయ్యిమందికి పైగా కుక్కిన ఆ చీకటి అంతస్తుల్లో మశూచి, రక్తవిరేచనాలు, టైఫస్ జ్వరం ప్రబలాయి.

1782లో ప్రావిడెన్స్ నుంచి బయలుదేరిన ‘ఛాన్స్’ అనే ఓడలో పట్టుబడి థామస్ డ్రింగ్ అక్కడికి చేరాడు. చుట్టూ మశూచి రోగులు. తనకు అంతకుముందు ఆ జబ్బు రాలేదు. ఒక రోగి పొక్కు నుంచి రసి తీసుకుని, గుండుసూదితో తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని గీరి, అక్కడ రాసి కట్టు కట్టుకున్నాడు. శ్వాసమార్గాన సోకిన మశూచి నూటికి ముప్ఫైమందిని బలిగొంటే, ఈ పద్ధతిలో చనిపోయేది ఒకరిద్దరు. జెన్నర్ టీకాకు అప్పటికింకా 14 ఏళ్ళ వ్యవధి ఉంది. డ్రింగ్ బతికాడు, అతని జ్ఞాపకాలు 1829లో అచ్చయ్యాయి.

చెరనౌకల్లో చనిపోయినవారు 11,500 మంది అని తరచు చెప్పే అంచనా. అదే నిజమైతే, యుద్ధరంగంలో నేలకొరిగిన అమెరికన్ల కంటే వీరే ఎక్కువ. బ్రూక్లిన్ ఫోర్ట్ గ్రీన్ పార్కులో 1908లో వెలసిన స్మారకస్తంభం వారిదే.

1856 పారిస్ ప్రకటన ప్రైవేటీర్ల వ్యవస్థను రద్దు చేసింది. సముద్రం మీద ప్రైవేటు ఆస్తి అంతటికీ రక్షణ కావాలని పట్టుబట్టిన అమెరికా దానిపై సంతకం చేయలేదు. రాజ్యాంగంలోని ఆ మాటలు నేటికీ అలాగే ఉన్నాయి. వాటి లాభాలు రేవుల్లో వేలంపాటల లెక్కలకెక్కాయి. ఖరీదు చెల్లించినవారిలో అత్యధికులు పేరైనా లేకుండా వాలబౌట్ ఒడ్డు ఇసుకలో కలిసిపోయారు.