టేపు గిడ్డంగుల పరిభాష: ఖరగ్‌పూరు రైల్వే తెలుగు నేర్పు పాఠము

ఒక భాషలోనికి క్రొత్త యంత్రము వచ్చినపుడు దానితోపాటు దాని పేర్లును వచ్చును. ఆ పేర్లకు దారులు మూడు. అన్యభాషా పదమే ఉచ్చారణ మార్పుతో నిలిచిపోవుట మొదటిది. సంస్కృత ధాతువులనుండి నూతన పదమును కల్పించుట రెండవది. వాడుకలోనున్న పాత పదమునకు క్రొత్త యర్థము నిచ్చుట మూడవది. పండితులు సాధారణముగా రెండవ దారిని, పనివారు మొదటిదానిని, మూడవదానిని అనుసరింతురు. వీనిలో ఏది మేలని సామాన్యముగా వాదించుటకంటె, ఒక యంత్రమును, దాని పదజాలమును ఎదుట నుంచుకొని పరీక్షించుట ప్రయోజనకరము. ఇచ్చట అట్టి పరీక్షకు గ్రహింపబడినది టేపు పెట్టెలను వరుసలుగా నిలువచేసి, కోరినదానిని యంత్రహస్తముతో తీసి, చదివించి, మరల స్థానమునందుంచు స్వయంచాలక వ్యవస్థయు, దానిని నడపు నియంత్రణ సాఫ్ట్‌వేరును.

ఈ పరీక్షకు కావలసిన ఒరగల్లు ఖరగ్‌పూరులో దొరకును. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ పట్టణమును తన ముఖ్య కేంద్రములలో ఒకటిగా పెంచినది. ఆ దారివెంబడి ఉత్తరాంధ్రమునుండి వెళ్లిన తెలుగు కుటుంబములు ఖరిదా మొదలగు పేటలలో స్థిరపడినవి. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడిన పిదపను వారి మనుగడ రైలుతోడనే ముడివడి యున్నది. బెంగాలీ, హిందీ, ఒడియా భాషల నడుమ తెలుగును నిలుపుకొన్న ఈ పట్టణవాసుల కోరికకు ఫలముగా 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నొసగుటకు నిర్ణయించెను. ఒక భాష కార్యాలయములలోనికి అడుగు పెట్టినపుడు లేఖలు వ్రాయుటకు మాత్రమే గాక, ఆ లేఖలను భద్రపరచు యంత్రములను గూర్చి మాటలాడుటకును దానికి పదములు కావలెను. కావున ఈ చర్చ కేవలము నిఘంటుకారుల వినోదము కాదు.

రైలును గూర్చిన తెలుగు మాటలను పరిశీలింపుడు. ఇంగ్లీషులో 'రైలు' అనగా ఇనుప కమ్మి. తెలుగులో ఆ మాట కమ్మిని విడిచి బండికే పేరైనది. కమ్మికి 'పట్టా' యను మాట మిగిలినది. ఎద్దులు లాగు 'బండి' ఆవిరి లాగు బండికిని పేరైనది. వస్తువులు దాచుకొను 'పెట్టె' మనుష్యులు కూర్చుండు పెట్టెగా మారినది. సిగ్నలు, గార్డు, యార్డు, షెడ్డు అన్నవి మాత్రము అటులనే నిలిచినవి. అయినను వాని వెంట వచ్చు క్రియలు తెలుగువే: సిగ్నలు పడును, ఇంజను తగిలింతురు, బండి పట్టాలు తప్పును. ఈ మాటలను ఏ సంఘమును కూర్చుండి నిర్ణయింపలేదు. వానిలో మూలమునకు విధేయత లేదు, కాని వ్యవస్థ యున్నది. బండి వేరు, పెట్టె వేరు, పట్టా వేరు. ఒకదానికి బదులు మరియొకటి వినబడదు. పరిభాషకు కావలసిన మొదటి గుణము ఇదియే. మూలపదము నందలి ఉపమానమును తెచ్చుకొననక్కరలేదు. మూలవ్యవస్థ యందలి భేదములను మాత్రము విడువరాదు.

ఇక యంత్రమును గూర్చి. గణనయంత్రమునకు తోడుగా అరయంగుళపు అయస్కాంత టేపును వాడు ఐ.బి.ఎం. 726 పరికరము 1952లో వెలువడినది. ఆనాటి టేపు చక్రములకు చుట్టబడి యుండెడిది. దానిని మనుష్యుడే తెచ్చి యెక్కింపవలసి యుండెను. 1984లో అదే సంస్థ 3480 అను వ్యవస్థలో టేపును చిన్న పెట్టెలో బిగించినది. పెట్టె కొలత స్థిరపడుటతో యంత్రహస్తమునకు పని సులభమైనది. 1987లో స్టోరేజ్‌టెక్ సంస్థ 4400 అను స్వయంచాలక వ్యవస్థను విడుదల చేసినది. దాని ఒక్కొక్క గదిలో సుమారు 6,000 పెట్టెలు పట్టును. గది నడుమ నిలిచిన హస్తము గోడల యందలి అరలనుండి పెట్టెలను తీసి చదువు పరికరములకు అందించును. 2000లో వచ్చిన ఎల్.టి.ఓ. ప్రమాణపు మొదటి తరము పెట్టెలో 100 గిగాబైట్లు పట్టగా, 2021 నాటి తొమ్మిదవ తరము పెట్టెలో 18 టెరాబైట్లు పట్టును. ఈ తొమ్మిదవ తరము పెట్టె అరచేతిలో ఇముడును. దానిలోని టేపు పొడవు 1,035 మీటర్లు. 2013 వరకు ప్రపంచములో అన్నిటికంటె పొడవైనదిగా పేరొందిన ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము పొడవు 1,072.5 మీటర్లు. ఆ ప్లాట్‌ఫారమును ఒక కొననుండి రెండవ కొనవరకు నడచినవాడు, ఒక పెట్టెలో చుట్టియున్న టేపు వెంబడి నడచినట్లే.

టేపు పాతబడిన వస్తువని తలచుట పొరపాటు. పెట్టె అరలోనున్నంతసేపు దానికి విద్యుత్తు అక్కరలేదు; పరికరమునకు ఎక్కనంతవరకు దుష్ట సాఫ్ట్‌వేరు దానిని తాకలేదు. 2011లో ఒక సాఫ్ట్‌వేరు లోపమువలన కొందరి జీమెయిలు ఉత్తరములు మాయమైనపుడు గూగుల్ సంస్థ వానిని టేపులనుండియే తిరిగి తెచ్చెను.

ఈ వ్యవస్థకు ఇంగ్లీషులో గల పేరు 'లైబ్రరీ'. దానిలోని ఒక్కొక్క టేపునకు 'వాల్యూము' అని పేరు. రెండును పుస్తకముల లోకమునుండి వచ్చినవి. వీనిని మాటకు మాట మార్చినచో గ్రంథాలయము, సంపుటము అనవలెను. హిందీ 'పుస్తకాలయ', బెంగాలీ 'గ్రంథాగార' శబ్దములకును ఈ చిక్కే కలుగును. ఆ యిండ్లలో పుస్తకము లేదు, పాఠకుడు లేడు. తమిళ 'నూలగము' ఒక్కటి మాత్రము యాదృచ్ఛికముగా కొంత పొసగును; 'నూల్' అనగా దారమును గ్రంథమును కూడ. తెలుగునందు 'నూలు' దారముగానే మిగిలినది గాన మనకు ఆ సౌకర్యము లేదు. పైగా 'డిజిటల్ గ్రంథాలయము' అను మాట నిజమైన గ్రంథసముదాయమునకు వాడుకలోనికి వచ్చినది. పెట్టెలు మోయు యంత్రమునకును అదే పేరు పెట్టినచో రెండర్థములును చెడును.

ఇచ్చట 'గిడ్డంగి' అను పాత మాట పనికివచ్చును. సరుకు వచ్చుట, అరలో నిలుచుట, అడిగినపుడు వెలుపలికి పోవుట అను మూడు భావములును దానిలో నున్నవి. ఇంగ్లీషు 'గోడౌను'నకు మలయ 'గుదంగు' మూలమనియు, దానికి తెలుగు 'గిడ్డంగి', తమిళ 'కిడంగు' పదములతో సంబంధ మున్నదనియు 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు సూచించినది. సముద్రములు దాటినదిగా చెప్పబడు ఈ మాటను యంత్రముల గదిలోనికి రానీయకుండుటకు కారణము కనబడదు. తాళ్లపాక కవుల కీర్తనల రాగిరేకులను దాచిన తిరుమల ఆలయపు గదికి 'సంకీర్తన భాండాగారము' అని పేరు. దీర్ఘకాలము దాచదలచిన సమాచార సముదాయమునకు 'భాండాగార'మనియు, దానిని మోయు యంత్రమునకు 'టేపు గిడ్డంగి' యనియు వాడినచో సముదాయమునకు, యంత్రమునకు గల భేదము నిలుచును. 'టేపు గిడ్డంగి' వంటి మిశ్రసమాసమునకు వెరవనక్కరలేదు. 'రైలుబండి'ని అంగీకరించిన భాష దీనిని నిరాకరింపదు.

గిడ్డంగి లోపలి భాగములకు రైల్వే యార్డును పోల్చి చూచిన పేర్లు సులభముగా దొరకును. బిగించిన టేపు 'పెట్టె'. అది నిలుచు గూడు 'అర'. ఒక పెట్టెకు కేటాయించిన గూడు 'సొంత అర'. అరలును హస్తమును కలిగిన కట్టడము 'గది'. ఒక గదినుండి ప్రక్క గదికి పెట్టెను అందించు మార్గము 'దాటుడు వాకిలి'. గది తలుపు తెరువకుండ, హస్తము నాపకుండ, పనివాడు పెట్టెలను లోనికిచ్చి వెలుపలికి తీసికొను చిన్న మార్గము 'రాకపోకల వాకిలి'. పెట్టెపై బార్‌కోడుతో అంటించినది 'పైచీటి'. టేపు మొదట అయస్కాంత రూపమున వ్రాసినది 'లోచీటి'. ఇంగ్లీషున ఈ రెండింటికిని 'లేబులు' అను ఒక్క మాటయే యుండుటచే కలుగు తికమక తెలుగున కలుగదు. 'వాల్యూము'నకు ప్రత్యేకముగా సంపుట మనవలసిన పనిలేదు. సంఖ్యతో పిలిచినపుడు 'టేపు', చేతితో పట్టినపుడు 'పెట్టె' యన్నచో చాలును. డ్రైవు, బార్‌కోడు అను మాటలు సిగ్నలు, గార్డులవలె నిలువదగినవి. అంతర్జాతీయముగా వ్యాపించిన పదములను అటులనే ఉంచుట 1961లో ఏర్పడిన శాస్త్ర సాంకేతిక పదావళి సంఘము అంగీకరించిన సూత్రము గూడ.

నియంత్రణ సాఫ్ట్‌వేరు నెరిగిన గాని క్రియాపదములు తేలవు. ఈ సాఫ్ట్‌వేరు టేపులోని సమాచారమును చదువదు. ఏ సంఖ్యగల టేపు ఏ అరలో నున్నదో, ఏ డ్రైవులో నున్నదో తన పట్టికలో వ్రాసికొనును. ఇతర యంత్రములు పంపిన కోరికలను వరుసగా గ్రహించి హస్తమునకు ఆజ్ఞ లిచ్చును. యార్డు అధికారికి ఏ పెట్టె ఏ లైనున నున్నదో తెలియును. పెట్టెలోని సరుకు యజమాని వేరు. అటులనే టేపులో ఏమున్నదో తెలిపెడు 'సూచి' వేరొక సాఫ్ట్‌వేరు చేతిలో నుండును. నియంత్రణ సాఫ్ట్‌వేరు చేతిలోనిది 'నిలువ పట్టిక'. ఈ రెండింటిని ఒకే మాటతో పిలువరాదు.

ఇప్పుడు క్రియలు. పెట్టెను డ్రైవునకు 'ఎక్కించుట', మరల అరకు 'దించుట'. వాకిలిద్వారా 'చేర్చుకొనుట', 'వెలుపలికి పంపుట'. డ్రైవును గాని గదిని గాని సేవకు అందుబాటులో నుంచుట 'లైను కలుపుట', తప్పించుట 'లైను విడదీయుట'; లైను క్లియరు మాట నెరిగిన పట్టణమున దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. 'ఆడిట్' అను ఆజ్ఞను జమాఖర్చుల తనిఖీగా గ్రహించినచో పొరపాటు. ఇచ్చట హస్తము ఒక్కొక్క అర ముందు నిలిచి పైచీటిని చదివి, పట్టికతో పోల్చి, భేదమున్నచో పట్టికను దిద్దించును. అది 'అరల సరిచూపు'.

అన్నిటిలో అపాయకరమైన పదము 'స్క్రాచ్'. ఒక టేపును స్క్రాచ్ అని గుర్తించుట యనగా దానిలోని సమాచారముతో ఇక పని లేదనియు, ఎవరు ఖాళీ టేపు కోరినను దానిని ఇచ్చి పైన వ్రాయవచ్చుననియు అర్థము. నిఘంటువును మాత్రము నమ్మినవాడు దీనిని 'గీరుట' యనును. 'గీరిన టేపు' అన్నమాట విన్న పనివాడు టేపు దెబ్బతిన్నదనుకొని ప్రక్కకు పెట్టును. లేదా, దెబ్బతిన్న టేపును ప్రత్యేకించు తలంపుతో, అందు విలువైన దస్త్రము లున్నను, దానికే ఆ గుర్తు తగిలించును. ఆ రాత్రియే గిడ్డంగి దానిని మరియొక పనికి ఇచ్చివేయును; పైన వ్రాసిన పిదప పాత దస్త్రములు తిరిగి రావు. ఈ పదమునకు మూలము గోకుడు కాదు, తాత్కాలికముగా వ్రాసికొను కాగితము. దానికి తెలుగున సిద్ధముగా నున్న మాట 'చిత్తు'. చిత్తుకాగితముపై ఎవరేమి వ్రాసినను అడ్డులేదని పాఠశాల బాలుడును ఎరుగును. కావున 'చిత్తు టేపు', 'చిత్తులో చేర్చుట' అన్నవి అర్థమును చెప్పుటయే గాక హెచ్చరికయు చేయును. తన జీతపు లెక్కలున్న టేపును చిత్తులో చేర్చుమన్నచో ఏ గుమాస్తాయు ఒక్క క్షణము ఆగక మానడు.

ఈ పేర్లలో కొన్నిటికంటె మేలైనవి పనివారి నోట దొరకవచ్చును. వ్యావసాయిక పదములపై 1962లోను, చేనేత పదములపై 1971లోను భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశములు ఈ విషయమున మార్గదర్శకములు. ఆ కోశములు పదములను కల్పింపలేదు. నాగలి పట్టినవారిని, మగ్గముపై కూర్చున్నవారిని అడిగి సేకరించినవి. యంత్రశాలలలోను, దత్తాంశ కేంద్రములలోను పనిచేయు తెలుగువారి మాటలకు అట్టి సేకరణ జరుగవలసి యున్నది. రైలు పదములను తమ నోట తీర్చిదిద్దుకొన్న కుటుంబములు గల ఖరిదా వంటి పేటలలో, నాలుగు భాషల నడుమ ఏ పదము నిలిచినదో, ఏది జారిపోయినదో ముందుగా నమోదు చేసినచో, క్రొత్త పదములను నిర్ణయించువారికి ఆధారము లభించును. ఆ సేకరణ జరుగువరకు పైన సూచించిన పేర్లను పరీక్షకు పెట్టదగినవిగా మాత్రమే భావింపవలెను. పరీక్ష యేదనగా: ఆ పదమును తొలిసారి విన్న పనివాడు ఏ పెట్టెను తీయవలెనో, దేనిని తాకరాదో వ్యాఖ్యానము లేకయే గ్రహింపగలుగుట.